రాగి బిందెలో సముద్రం

అది 2011. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు నుంచి ఒక సందు లోపలికి వస్తే నా అక్వేరియం దుకాణం ఉండేది. ఒకవైపు హాస్టల్ పిల్లలకు టిఫిన్లు పెట్టే సత్తెన్న బండి, ఇంకోవైపు జిరాక్స్ సెంటర్, మధ్యలో నేనూ నా చేపలూ. బడికీ నాకూ ఎనిమిదో తరగతిలోనే ఇష్టపూర్వకంగా విడాకులయ్యాయి. చేపలు మాత్రం ఏనాడూ నన్ను ఎంతదాకా చదివావని అడగలేదు. అందుకే వాటితో సంసారం నిలబడింది.

మంచినీటి చేపలు ఎవరైనా పెంచుతారు. సముద్రపు చేపల ట్యాంకు, అంటే మా భాషలో మెరైన్ ట్యాంకు, పెట్టడానికి కొంచెం గుండె కావాలి. దానికి ఉప్పునీళ్ళే పొయ్యాలి, అలాగని వంటింటి ఉప్పు కలిపితే చేపకు కర్మకాండే. సాల్ట్ మిక్స్ అని బకెట్లలో వస్తుంది, సముద్రంలో ఉండే లవణాలన్నీ కలిసిన పొడి అది. దాన్ని శుద్ధి చేసిన నీళ్ళలో కలుపుకోవాలి. లేదా అసలు సముద్రం నీళ్ళే తెచ్చుకోవాలి. పొడి అమ్మేవాడిని కాబట్టి అసలు నీళ్ళను తిట్టడం నా వృత్తిధర్మం. కానీ సరైన చోట ముంచిన సముద్రపు నీళ్ళకు సాటి వచ్చే బకెట్ ఇంకా తయారు కాలేదు. ఏరు కలిసేచోట ముంచితే ఉప్పు పలచబడుతుంది, రేవు దగ్గర ముంచితే డీజిల్ వస్తుంది. ఒడ్డుకు దూరంగా పడవ మీద పోయి ముంచాలి. వడకట్టి, ఎండ తగలకుండా పెట్టి, హైడ్రోమీటర్ అనే గొట్టంతో ఉప్పు చిక్కదనం చూసి, అప్పుడు పొయ్యాలి.

ఇంత తిప్పలు పడే మనిషి నాకు ఒక్కరే దొరికారు. చైతన్యపురిలో ఉండే మూర్తిగారు. సొంతూరు బాపట్ల దగ్గర, ఉద్యోగం ఇక్కడ ఇన్సూరెన్స్ ఆఫీసులో. వాళ్ళ బావమరిది అక్కడ వేటకు వెళ్ళే పడవవాళ్ళతో నీళ్ళు ముంచించి, డబ్బాలకు మూతలు బిగించి ప్రైవేటు బస్సుకు వేసేవాడు. మూర్తిగారు ఎల్‌బీ నగర్‌లో దింపుకునేవారు. అందరి చుట్టాలూ అరిసెలు పంపిస్తే, ఈయన చుట్టాలు సముద్రం పంపేవారు.

పేరుకే ట్యాంకు మూర్తిగారిది. అసలు యజమానురాలు వాళ్ళమ్మ రాజ్యలక్ష్మమ్మగారు. అందులో నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న రెండు క్లౌన్ చేపలు, ఒక రొయ్య, ఒక అనిమోనీ ఉండేవి. అనిమోనీ అంటే చూడ్డానికి పువ్వు, నిజానికి జంతువు. క్లౌన్ చేపలకు దాని రేకుల మధ్యే కాపురం. ఉల్లిపాయ కూడా తినని రాజ్యలక్ష్మమ్మగారు పట్టకారుతో రొయ్య ముక్క పట్టుకుని, తల పక్కకు తిప్పుకుని, "నువ్వు తిను తల్లీ, నేను చూడను" అంటూ దానికి పెట్టేవారు. ఆమెకు అది అనిమోనీ కాదు, పువ్వు.

అది తెలంగాణ ఉద్యమం ఉడుకుతున్న కాలం. ఇవాళ బంద్, రేపు రాస్తారోకో. సముద్రం డబ్బాల సంగతి తెలిసి సత్తెన్న నన్ను వాయించేవాడు.

"ఏమిరా యాదగిరీ, మన నీళ్ళు ఆళ్ళు తీస్కపోయిండ్రని లోకమంత కొట్లాడుతుంటె, నువ్వు ఆళ్ళ నీళ్ళు మోస్కొస్తున్నవా?"

"బాకీ వసూల్ చేస్తున్ననే. కృష్ణ ఎంత పోయిందో గంత సముద్రం గుంజుకొస్త."

సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఎప్పుడు ఆగుతాయో తెలియదని మూర్తిగారు ముందే చాలా డబ్బాలు తెప్పించి బాల్కనీలో గోనెసంచులు కప్పి పెట్టుకున్నారు. తెలివైన పనే. ప్రతి వారం కొంత పాత నీరు తీసి కొత్త నీరు పోసుకుంటూ సమ్మె మీద గెలిచామనుకున్నాం.

ఒకరోజు పొద్దున ఫోన్ వచ్చింది.

"యాదగిరీ, రొయ్య చచ్చిపోయిందయ్యా. పువ్వు ముడుచుకుపోయి ఎండు నిమ్మకాయలా అయింది. అమ్మ కాఫీ కూడా ముట్టలేదు. చేపలు మాత్రం శుభ్రంగా తిరుగుతున్నాయి."

నన్ను పట్టుకున్నది ఆ చివరి మాట. నీళ్ళు పాడైతే ముందు చేపలు తేలాలి. చేపలు బాగుండి, వెన్నెముక లేని రొయ్యా అనిమోనీ పోతున్నాయంటే మా వృత్తిలో మొదటి అనుమానం రాగి మీదే. చేపల ఒంటి మీద తెల్లచుక్కలు వస్తే మేం వేసే మందులో ఉండేది రాగే. అది చేపను బతికిస్తుంది, రొయ్యను చంపుతుంది. పోయి అడిగాను.

"సార్, నిజం చెప్పుండ్రి. తెల్లచుక్కల మందు పోసిండ్రా?"

"నేనెందుకు పోస్తానయ్యా! డబ్బాలో ఏదో కలిసింది." ఆయన గొంతు తగ్గించారు. "లేకపోతే కలిపారు. ఎల్‌బీ నగర్‌లో బస్సు దిగిన డబ్బాలు చాలాసేపు రోడ్డు మీదే ఉన్నాయి. ఆంధ్రా నుంచి వచ్చాయని అక్కడ అందరికీ తెలుసు."

"సార్, సమ్మెల ఉన్నోళ్ళకు మీ రొయ్యతోని పనేమున్నది?"

నవ్వలేదాయన. అప్పట్లో నవ్వాల్సిన చోట మనుషులు నవ్వేవారు కాదు.

కాపర్ టెస్ట్ కిట్ నా సంచిలోనే ఉంది. అంటే నీళ్ళలో రెండు మందులు చుక్కలు వేసి, రంగును బట్టి రాగి ఎంతుందో చూసేది. ట్యాంకు నీళ్ళకు రంగు తిరిగింది. డబ్బాలన్నీ అయిపోయాయి, చివరి డబ్బా అడుగున గ్లాసెడు మిగిలితే అది కూడా చూశాను. రంగు రాలేదు. బాపట్ల నిర్దోషి, బస్సు నిర్దోషి, ఎల్‌బీ నగర్ నిర్దోషి. నేరం బాల్కనీకీ హాలుకూ మధ్య జరిగింది.

"అమ్మా, డబ్బాల నీళ్ళు ట్యాంకుల ఎట్ల పోస్తున్నరో ఒక్కపారి చూపిస్తరా?"

రాజ్యలక్ష్మమ్మగారు లోపలికి వెళ్ళి రెండు చేతులతో బిందె పట్టుకొచ్చారు. రాగి బిందె. చింతపండుతో తోమి తళతళలాడుతోంది.

"అన్నాళ్ళు ప్లాస్టిక్ డబ్బాలో ఉంటే మురిగిపోవూ! అందుకని పోసే ముందు రాత్రంతా ఇందులో ఉంచుతున్నాను నాయనా. మేం తాగే నీళ్ళూ అంతే. రాగి శుద్ధి చేస్తుంది. ఈ మధ్య మాత్రం ఎంత తోమినా లోపల పచ్చగా చిలుము పడుతోంది."

మూర్తిగారు నా మొహం చూశారు. నేను బిందె మొహం చూశాను. ఆ పువ్వును అందరికంటే ఎక్కువ చూసుకున్న మనిషికి ఇది ఎలా చెప్పాలి?

"అమ్మా, ఆవకాయ రాగి గిన్నెల పెడ్తరా?" అన్నాను.

"హవ్వ! ఉప్పూ పులుపూ రాగిలో ఎవరైనా పెడతారా? చిలుం దిగి విషం..."

అక్కడే ఆగిపోయారు. బిందెలోకి చూశారు. మెల్లగా కింద పెట్టి కుర్చీలో కూర్చున్నారు.

"నేను నీళ్ళనుకున్నాను కానీ ఉప్పనుకోలేదురా మూర్తీ" అన్నారు. ట్యాంకు వైపు చూసి, "అది పోతే ఈ గాజుపెట్టె తీసేయండి. ఇంకోటి తేవద్దు" అన్నారు.

అనిమోనీ పాదం ఇంకా రాయిని వదల్లేదు. వదిలితే ఆశ లేదని లెక్క. ట్యాంకులోని రాళ్ళూ ఇసుకా రాగిని పీల్చుకుని ఉంటాయి కాబట్టి దాన్ని అక్కడినుంచి తీసి కొత్త నీళ్ళలో పెట్టాలి. నా దుకాణంలో సాల్ట్ మిక్స్ లేదు, పార్సిల్ సమ్మెలో ఇరుక్కుంది. అప్పటికి ఫిల్టర్లో కార్బన్ వేశాను, అది కొంత రాగిని పట్టుకుంటుంది. మూర్తిగారు బావమరిదికి ఫోన్ చేశారు. అతను తెలిసినవాళ్ళ కారులో రెండు డబ్బాలు వేసి పంపాడు.

మర్నాడు ఆ కారు ఎల్‌బీ నగర్ చౌరస్తాకు అవతలే ఆగిపోయింది. చౌరస్తాలో వంటావార్పు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే తిని నిరసన తెలుపుతున్నారు. మూర్తిగారూ నేనూ స్కూటర్ ఇవతల పెట్టి, అవతలికి నడిచి, చెరో డబ్బా ఎత్తుకుని జనం మధ్యలోంచి వస్తున్నాం. గంజు అనే పెద్ద వంటపాత్ర ముందు గరిటెతో నిలబడ్డ ఒక అక్క ఆపింది.

"ఏమున్నయే డబ్బాలల్ల?"

"నీళ్ళక్కా."

"మంచిగొచ్చినవు. ఇటు వెట్టు, ఉప్మాకు ఎసరు తక్కువవడ్డది."

"గివి సముద్రం నీళ్ళక్కా, వనికిరావు."

"సముద్రమా? హైదరాబాద్ల సముద్రం యాడిదిరా! నీళ్ళ కోసం కొట్లాడెటోళ్ళకే అబద్ధం చెప్తవా?"

మూత తీయించి, దోసిట్లో పోయించుకుని నోట్లో వేసుకుంది. "థూ! గిదేందిరో, ఉప్పు గనేనా?" చుట్టూ ఉన్నవాళ్ళు పడీపడీ నవ్వారు. ఒకాయన మాత్రం నవ్వకుండా అడిగాడు.

"యాడికెల్లి తెస్తున్నరు?"

యాసతో దొరికిపోతానని మూర్తిగారు అప్పటిదాకా నోరు విప్పలేదు. నేను ఏదో కథ అల్లబోతుంటే ఆయనే అనేశారు.

"బాపట్ల నుంచండీ. మా అమ్మ పెంచుకునే జీవి చచ్చిపోతోంది. ఈ నీళ్ళు లేకపోతే బతకదు."

అక్క గరిటె గంజులోనే వదిలేసి ఆయన దగ్గరికొచ్చింది.

"అమ్మదా?" అంది అక్క. "గది ముందుగాల చెప్పొద్దా! ఓ పిలగాండ్లూ, జర జరగుండ్రి. అన్నా, నువ్వు ఉప్మా తినే పోవాలె. గాభరాల పొద్దటికెల్లి ఏం తిని ఉండవు."

ఆ మాట నిజమే. మోదుగాకు విస్తరిలో వేడి ఉప్మా, నిలబడే తిన్నాం. కళ్ళలో నీళ్ళు పొగవల్ల వచ్చాయని మూర్తిగారు చెప్పారు, నేను నమ్మినట్టు నటించాను.

టబ్బులో కొత్త నీళ్ళు పోసి, గాలి బుడగలు వచ్చే ఎయిర్ స్టోన్ పెట్టి, పువ్వునూ చేపలనూ కొత్త నీళ్ళకు చుక్కచుక్కగా అలవాటు చేసి, అందులోకి దించాను. చాలా రోజులు అది ఎండు నిమ్మకాయలాగే ఉంది. రాజ్యలక్ష్మమ్మగారు పక్కనే కుర్చీ వేసుకున్నారు. ఒకనాడు నేను వెళ్ళేసరికి రేకులు సగం విచ్చుకుని ఉన్నాయి, క్లౌన్ చేప ఒకటి మధ్యలో దూరి ఒళ్ళు రుద్దుకుంటోంది.

"నాయనా, రాగి బిందెలో మంచినీళ్ళు మేం తాగొచ్చా మరి?" అని అడిగారావిడ.

"బేఫికర్‌గ తాగుండ్రి. వెన్నెముక లేనోళ్ళకే రాగి పడదు."

"అయితే మా మూర్తికి వద్దులే" అన్నారు.

మూర్తిగారు చాలా రోజుల తర్వాత నవ్వడం అప్పుడే చూశాను.

ఆ ఇంట్లో హైడ్రోమీటర్ నుంచి ఎయిర్ స్టోన్ దాకా ప్రతి పాఠం నేను మూర్తిగారికే చెప్పాను, కొన్నది ఆయన కాబట్టి. నీళ్ళు పోసింది మాత్రం ఆయన కాదు. అప్పటినుంచి ఎవరింట్లో మెరైన్ ట్యాంకు పెట్టినా, దాని ముందు ఎక్కువసేపు కూర్చునేది ఎవరని ముందే అడుగుతాను. వంటింట్లో ఉన్నా, పూజలో ఉన్నా సరే, ఆ మనిషి వచ్చేదాకా నోరు విప్పను. కొన్నవాళ్ళకు బిల్లు చాలు. పాఠం చెప్పాల్సింది నీళ్ళు పోసే చేతికి.