గడప ఎక్కని పిలుపు

2006లో మాఘమాసం ఇంకా రాలేదు. కానీ కొత్తపేట బజారులోని నా ప్రింటింగ్ ప్రెస్సులో పెళ్లిళ్లు అప్పటికే మొదలైపోయాయి. ఏ పెదనాన్న అలుగుతాడు, ఎవరి పేరు పక్కన ఉద్యోగం వెయ్యాలి, ఏ మేనమామని మర్చిపోతే పీటల దగ్గర గొడవవుతుంది, ఇవన్నీ తేలేది కల్యాణ మండపంలో కాదు, మా దగ్గర, ప్రూఫ్ చూసేటప్పుడు. ప్రూఫ్ అంటే అచ్చుకి ముందు తీసి ఇచ్చే నమూనా కాగితం. మేటర్ ఇచ్చినవాళ్లు చదివి, తప్పులు దిద్ది, కింద సంతకం పెడితేనే మెషిన్ తిరుగుతుంది. వేల శుభలేఖలు వేసిన నాకు ఈనాటికీ గుర్తున్న పెళ్లి మాత్రం శుభలేఖతో పిలవని పెళ్లి.

సత్యవతిగారిది గోదావరి గట్టు పక్కన ఒక లంక గ్రామం. భర్త కొబ్బరికాయల వ్యాపారి. ఆయన గుండెపోటుతో పోయాక ఆ వ్యాపారం ఆవిడే చేతిలోకి తీసుకుంది. అంబాజీపేట మార్కెట్లో కాయ ధర ఎంతని ఫోన్ చేసి అడిగితే, ఆడగొంతు విని ఒక ధర చెప్పేవారట. భర్త నంబరు నుంచి ఎస్సెమ్మెస్ పెట్టి అడిగితే అందరికీ చెప్పే ధరే వచ్చేదట. అలా ఆవిడ బొటనవేలికి చదువొచ్చింది.

కూతురు లలిత పెళ్లి మేటర్ తనే రాసుకొచ్చింది. ఆహ్వానించువారు అన్నచోట ఒక్క తన పేరే ఉంది. ఇంకెవరినైనా చేర్చాలా అని అలవాటుగా అడిగాను.

"పెంచింది నేనండీ. పిలిచేదీ నేనే," అని సంతకం పెట్టేసింది.

మర్నాడు ఆవిడ బావగారు సూర్యారావు గారు వచ్చేరు. భర్తకి అన్నగారు, ఊళ్లో పెద్దమనిషి. ప్రూఫ్ చూపించమన్నారు. చూసి, తన పేరూ, తన భార్య పేరూ వేసి, సత్యవతి పేరు తీసెయ్యమన్నారు. భర్త పోయిన మనిషి పేరుతో శుభకార్యానికి పిలిస్తే వచ్చేవాళ్లకి మంచిది కాదని శాస్త్రం చెప్పేరు. ఏ శాస్త్రమని అడిగితే, అన్నీ అడిగే నాబోటి నాస్తికులకి అది అర్థం కాదన్నారు.

"మేటర్ ఇచ్చింది ఆవిడండీ. ఒక్క అక్షరం మార్చాలన్నా ఆవిడే రావాలి," అన్నాను.

"ఆయ్, అలాగే వేసుకోండి. ఆ కార్డులు పట్టుకుని ఏ గడప ఎక్కుద్దో నేనూ చూస్తాను."

ఆ మాటలో ఎంత విషముందో మా వైపు వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెబుతాను. మా దగ్గర కార్డు అందితే పిలిచినట్టు కాదు. ముత్తయిదువ కుంకుమ భరిణె పట్టుకుని ఇంటికొచ్చి, ఆడవాళ్లకి బొట్టు పెట్టి, రమ్మని చెప్పాలి. అదీ పిలుపు. పోస్టులో కార్డు పంపితే సొంత ఊరివాళ్లు దాన్ని అవమానం కిందే లెక్క కడతారు. భర్త లేని ఆడది ఆ భరిణె పట్టుకోకూడదు. కూతుర్ని కన్నా పట్టుకోకూడదు, పెంచినా పట్టుకోకూడదు. ఆవిడ తరఫున పిలవాల్సింది తోటికోడలు నాగమణిగారు. ఆవిడ గడప దాటితే ఊరుకోనని సూర్యారావు గారు ఇంట్లో చెప్పేశారు. పెద్దాయన మాట కాదని ఆ భరిణె పట్టుకోవడానికి బంధువుల్లో ఇంకో ముత్తయిదువ ముందుకు రాలేదు.

అంటే పెళ్లినాడు రాజోలు నుంచి మగపెళ్లివారు దిగేసరికి ఆడపెళ్లివారి వైపు కుర్చీలు ఖాళీగా ఉంటాయి. నలుగురు రాని పెళ్లి అని ఆ పిల్ల జన్మంతా అత్తారింట్లో మాట పడాలి. బతిమాలుకుని బావగారి పేరు వేస్తే అన్నీ సర్దుకుంటాయి. కట్టిన ఉరి అది. దానికి మర్యాద అని పేరు.

ఈ సంగతి చెప్పడానికి సత్యవతిగారు మళ్లీ ప్రెస్సుకొచ్చింది. గ్రంథాలయంలో సభ పెడదామన్నాను. కరపత్రం వేస్తాను, డబ్బులొద్దన్నాను. ఆవిడ అంతా విని, "మీరు సభ పెడితే నా గురించి మాట్లాడ్డానికి వస్తారండీ. వాళ్లు రావాల్సింది నా కూతురి పెళ్లికి," అంది. సంచీలోంచి ఫోను తీసింది. "గడప ఎక్కొద్దన్నారు కదా, ఎక్కను. అన్నయ్యగారూ, ఈ శుభలేఖని నూట అరవై అక్షరాల్లోకి కుదించి పెట్టండి."

అప్పట్లో ఒక మెసేజ్ అంటే నూట అరవై అక్షరాలు, ఇంగ్లీషు లిపిలో. దాటితే రెండో మెసేజ్ కింద పోతుంది. ఆవిడ ఫోనులో తెలుగు లిపి లేదు. వృత్తిలో అంత కష్టమైన కంపోజింగ్ నేనింకోటి చెయ్యలేదు. దేవుడి శ్లోకం కొట్టేశాను, అది నాకు సులువే. సంవత్సరం, అయనం, తిథి, లగ్నం పోయాయి. శ్రీమతి, చిరంజీవి, లక్ష్మీసౌభాగ్యవతి పోయాయి. తాతల పేర్లు, ఊళ్లు, ఉద్యోగాలు పోయాయి. ఇంకా ఎక్కువే ఉంది. నేను రాసిన 'సకుటుంబ సపరివార సమేతంగా'ని ఆవిడే కొట్టేసి, 'అందరూ' అని పెట్టింది. చివరికి మిగిలింది ఇదీ:

"ఆదివారం ఉదయం మా లలిత పెళ్లి. కొత్తపేట మండపం. నేనే పిలుస్తున్నా. అందరూ వచ్చి పిల్లని దీవించి భోంచేసి వెళ్లాలి. సత్యవతి."

కొట్టేసినవాటిలో పెళ్లికి అవసరమైనది ఏదీ లేదని అప్పుడు చూశాను. తరతరాలుగా మేం అచ్చు వేస్తున్నది పిలుపుని కాదు, హోదాని.

నా కౌంటర్ దగ్గరే స్టూలు మీద కూర్చుని, పట్టపగలు, అందరూ చూస్తుండగా పంపింది. మొదటిది ఎవరికో తెలుసా? సూర్యారావు గారికి. "పెద్దాయన కదండీ, ఆయనతో మొదలెట్టాలి," అంది నవ్వకుండా. రెండోది నాగమణిగారికి. తర్వాత వరసగా చుట్టాలకి, ఇరుగుపొరుగుకి, కాయ దింపే కూలీలకి. ఫోన్ లేనివాళ్ల పేర్లు పక్కింటివాళ్లకి పంపినదాంట్లో కలిపింది.

కాసేపటికి ఫోను చప్పుడు చెయ్యడం మొదలెట్టింది. కొన్ని ఆవిడే చదివి వినిపించింది. ఒక కోడలు పిల్ల: "వస్తానక్కా. మా అత్తగారికి నువ్వు చెప్పకు, నేనే తీసుకొస్తా." భర్త పోయిన ఇంకొకావిడ: "నేనొస్తే ఎవరూ ఏమీ అనరు కదా?" దానికి సత్యవతిగారు, "ముందు వరసలో కూర్చో," అని కొట్టి పంపింది.

ఇక కోనసీమ అంతా గగ్గోలు. సెల్లులో పిలిస్తే వెళ్లడానికి మనమేమైనా కాయల బేరగాళ్లమా అని ఒకాయన వెటకారం. ఎస్సెమ్మెస్సులొచ్చి మనుషుల మధ్య మమకారం పోయిందని గ్రంథాలయంలో ఒక రిటైర్డు మాస్టారి ఉపన్యాసం. నేను లేచి అడిగాను: మాస్టారూ, మీ ఇంటికి ఏ పెళ్లి పిలుపైనా భర్త లేనావిడ తెచ్చిందా? మీ మమకారం ఆవిణ్ణి ఏ వీధి చివర నిలబెట్టింది? ఆయన సంప్రదాయం అన్నారు. సంప్రదాయం సంగతే నేనూ అడుగుతున్నానన్నాను. సభ అక్కడితో చెడింది.

నేను యంత్రానికి హారతి పట్టేవాణ్ణి కాను. ఫలానా స్వామి మహిమని పదిమందికి పంపకపోతే రక్తం కక్కుకుంటారనే మెసేజీలూ ఆ ఫోన్లలోనే తిరిగాయి. వాటితోనూ నేను తగువు పడ్డాను. మూఢత్వానికి కొత్త సామానంటే బెదురు లేదు, దేన్నైనా వాడుకుంటుంది. అలాంటప్పుడు తిరగబడేవాళ్లు మాత్రం ఎందుకు వాడుకోకూడదు?

పెళ్లినాడు నేను పెందలాడే వెళ్లాను. నిజంగానే కుర్చీలు సగం ఖాళీ. మగపెళ్లివారు ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు. మండపానికి ఎదురుగా టీ కొట్టు దగ్గర సూర్యారావు గారు తన మనుషులతో నిలబడి ఉన్నారు. లోపలికి వెళ్లేవాళ్లకి తను కనబడాలి, అదీ ఆయన కాపలా. కొందరు ఆయన్ని చూసి వెనక్కి తిరిగిపోవడం నేను చూశాను. సత్యవతిగారు వాకిట్లోంచి కదల్లేదు. భర్త లేనావిడ ఎదురొస్తే అపశకునమని చెప్పే చోట నిలబడి, వచ్చిన ప్రతి మనిషికీ నమస్కారం పెడుతోంది.

అప్పుడు ఒక ఆటో ఆగింది. అందులోంచి నాగమణిగారు దిగింది, పట్టుచీర, చేతిలో పళ్లెం, వెనక నలుగురైదుగురు ఆడవాళ్లు. సూర్యారావు గారు రోడ్డు దాటి వచ్చేరు.

"ఎవరు పిలిచేరని తయారయ్యావు?"

"మీ మరదలు పిలిచిందండీ."

"ఇంటికొచ్చి పిలిచిందా?"

"ఇంటికొస్తే మీరు రానిస్తారేటి? ఫోన్లో పిలిచింది. నాకంటే ముందు మిమ్మల్నే పిలిచింది. మీ జేబులోనే ఉంది, తీసి చూసుకోండి."

టీ కొట్టు దగ్గర ఎవరో కిసుక్కున నవ్వేరు. ఆయన చెయ్యి జేబు మీదికి వెళ్లి ఆగిపోయింది. పిలుపు లేదని ఊరంతా చెప్పుకున్న మనిషి పిలుపుని ఒంటిమీదే మోసుకు తిరిగాడు. నాగమణిగారు ఆయన జవాబు కోసం ఆగలేదు. వాకిట్లో సత్యవతిగారి చెయ్యి పట్టుకుని, తనతోపాటు పీటల దగ్గరికి తీసుకెళ్లింది. ఆవిణ్ణి చూసి, అప్పటిదాకా వీధి మొగలో తటపటాయిస్తున్నవాళ్లు ఒక్కొక్కరే లోపలికి నడిచేరు. అందరూ రాలేదు. సూర్యారావు గారూ రాలేదు. కానీ భోజనాలకి రెండో బంతి వెయ్యాల్సొచ్చింది.

ఆ పెళ్లి నాకు నేర్పిందేమిటని కొత్తగా అచ్చు పనిలోకి వచ్చినవాళ్లు అడుగుతుంటారు. ఎస్సెమ్మెస్సులు వచ్చి మా వ్యాపారం తగ్గింది, నిజమే, దానికి నేనేడవను. గడప దగ్గర బొట్టు పెట్టించుకుంటూ వస్తామనడం తేలిక, పదిమంది చూస్తున్నారు కాబట్టి. రామనడం తేలిక, పెద్దాయన చూస్తున్నాడు కాబట్టి. ఎవరూ చూడనప్పుడు, చేతిలో ఉన్న చిన్న తెర మీద, తనంతట తను వస్తానని రాసిన ఆడదాని మాటకి నేను ఎక్కువ విలువిస్తాను. మనుషుల్ని దూరం చేసింది ఫోనేనని ఇంకా వాదించేవాళ్లుంటే రమ్మనండి. దగ్గరితనం పేరుతో ఎంతమందిని బయట నిలబెట్టారో ముందు ఆ జవాబు చెప్పి, తర్వాత మాట్లాడమనండి.