కొస పేజీలో ఏనుగు

ఆ రోజుల్లో సెలూన్‌కి వచ్చిన మనిషి తన వంతు వచ్చేదాకా ఫోను చూసేవాడు కాదు, బొమ్మల కథల పుస్తకం చూసేవాడు. సూళ్లూరుపేట స్టేషను దగ్గర మా మామ కొట్లో, బల్ల మీద అవి ఒక దొంతర ఉండేవి. అయిదో తరగతితో బడి మానేసి కత్తి పట్టిన నాకు ఆ తర్వాత చదువంటే అవే. ఇట్లా కూర్చుని రాయడం నాకిదే మొదలు. చెయ్యి కొంచెం వణుకుతోంది. కత్తి పట్టినప్పుడు మాత్రం ఎన్నడూ వణకలేదు కాబట్టి మీరు ధైర్యంగా చదవొచ్చు.

ప్రతి ఆదివారం కాలేజీలో తెలుగు చెప్పే సారు మా కొట్టుకి వచ్చేవారు. పాత కావ్యాల మీద లావుపాటి పుస్తకాలు రాసిన మనిషి, బొమ్మల కథ చేతికొస్తే ఇక లోకం తెలిసేది కాదు. వంతు వచ్చిందని పిలిస్తే, "నువ్వు కూర్చో నాయనా, రాజుగారింకా సొరంగంలోనే ఉండారు" అని వెనకాల వాళ్లని ముందుకు పంపేవారు. కుర్చీలో కూర్చున్నాక నాతో చర్చ. "అబ్బయ్యా, ఒక్క మాట లేకుండా రెండు బొమ్మల్లో మంత్రి భయం చూపించినాడు చూడు! నాకైతే రెండు పేజీలు పట్టేది." నాతో అట్లా మాట్లాడిన పెద్దమనిషి ఇంకొకరు లేరు. ఆ అరగంట కోసమే నేను వారమంతా గడ్డాలు గీసేవాణ్ణి.

ఇక నా తప్పు సంగతి. గడ్డం గీసేటప్పుడు కత్తికి అంటిన నురగ తుడవడానికి కాగితం ముక్క కావాలి. పాత పేపరు అయిపోతే నేను బొమ్మల పుస్తకంలో కొస పేజీ చించేవాణ్ణి. (కొసదాకా చదివేలోపే ఎవరి వంతైనా వచ్చేస్తుంది గదా అని నా ధైర్యం.) ఒక ఆదివారం సారు చేతికి, దొంగ ఒకడు రాజుగారి ఏనుగుని ఎత్తుకుపోయిన కథ దొరికింది. భటులు ఊరంతా వెతికినా ఏనుగు కనపడదు. తిప్పుదామంటే తర్వాతి పేజీ లేదు.

కుర్చీలో కూర్చుని కూడా ఆయనకి అదే ధ్యాస. "ఏంది అబ్బయ్యా ఇది? ఏనుగు యాడుంది?"

ఏనుగు చెత్తబుట్టలో ఉంది, నురగలో. నిజం చెబితే సారు మళ్లీ రారని నా భయం. కత్తి ఆయన గొంతు దగ్గర ఉండగానే అల్లేశాను. "దొంగ దాన్ని దాచలా సార్. నామం పెట్టి గుడి ముందర నిలబెట్టినాడు. జనం అరటిపండ్లు ఇచ్చినారు. భటులు గూడా దణ్ణం పెట్టుకోని పోయినారు."

సారు ఒళ్లంతా కదిలేలా నవ్వారు. (కత్తి పక్కకి తీశాను గాబట్టి సరిపోయింది.) "ఆహా! కళ్లెదురుగానే దాచినాడు! వచ్చే వారం కాలేజీ సభలో దీని మీదే మాట్లాడతా" అంటూ పుస్తకం పట్టుకుపోయారు.

మామ నెత్తి కొట్టుకున్నాడు. "ఒరే, అంత చదువుకున్నాయన్ని సభలో నవ్వులపాలు చేస్తావా? పోయి చెప్పు పో!"

నాకు ధైర్యం వచ్చేసరికి సభ రోజు వచ్చేసింది. నేను వెళ్లేటప్పటికే సారు వేదిక మీద ఏనుగుకి నామం పెట్టేశారు, హాలంతా నవ్వుతోంది. అంతలో ఒక అమ్మాయి పుస్తకం పట్టుకుని లేచింది. "సార్, నా పుస్తకంలో కొస పేజీ ఉండాది. ఏనుగుని అడివిలో చెట్టుకి కట్టేసినారు."

సారు కళ్లజోడు సర్దుకుని ఆ పేజీ చదివారు. "ఇది ప్రక్షిప్తమమ్మా. ఎవరో చేతగానోడు తర్వాత కలిపినాడు" అని తేల్చేశారు. పిల్లలు మళ్లీ నవ్వారు. ఈసారి ఏనుగుని తలుచుకుని కాదు. అది నేను చూడలేకపోయాను.

"సార్, కలిపింది నేను! అసలు పేజీతో నురగ తుడిచేసినా!"

హాలు గొల్లుమంది. సారు నన్ను చూశారు, చేతిలో పుస్తకం చూశారు. "కథ కట్టినోణ్ణి నిలబెట్టినామే! ఆయనకి కుర్చీ వెయ్యండి" అన్నారు. ఊరందరినీ కుర్చీలో కూర్చోబెట్టే నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది ఆయనొక్కరే.

తర్వాతి ఆదివారం సారు కొత్త కథ ఒకటి చదివి, కొస పేజీ తానే చించి నా చేతికిచ్చారు. "ఇంద, తుడుచుకో. ఇప్పుడు చెప్పు, ఏమైంది?"

ఇప్పుడు కొట్టు నాది. బల్ల మీద పుస్తకాలు లేవు. సారుకి చూపు ఆనదు, నేనే ఇంటికి వెళ్లి గడ్డం గీస్తాను.

"అబ్బయ్యా, ఏనుగింకా గుడి ముందరే ఉండాదా?"

"ఉండాది సార్. మన మాదిరే ముసలిదైపోయింది."

ఆయన నవ్వుతారు. ఆ నవ్వు ఆగేదాకా కత్తి పక్కకి తీసి పట్టుకుని నిలబడతాను. నాకేం తొందర లేదు.