గుర్రపు గుడ్డ మీద పెరిగిన కుక్కలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో గుర్రం అన్న మాటను ఎవరూ గట్టిగా పలికేవారు కాదు. ఎల్లారెడ్డి దగ్గర గుట్టల కింద ఊరు మాది. గొర్రెలు కాసి బతికేవాళ్ళం. ఊరు మొత్తానికి గుర్రం ఒక్కటే, అది దొరది. అది దొర ఉండే గడీ దాటి బయటికి వచ్చిందంటే ఆ రోజు ఎవరో ఒకరి ఇంటి నుంచి ఏదో ఒకటి పోయేది. మా ఇంటి నుంచి గొర్రెలు పోయేవి. దొర ఇంటికి చుట్టాలొచ్చినా, అధికారులొచ్చినా మా మందలోంచి ఒకటి వెట్టి కింద పట్టుకుపోయేవారు. ఇదేమని అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

అయినా మాకు ఒక ఆధారం ఉండేది. మా మందను ఒక నల్ల కుక్క కాపలా కాసేది. తోడేలును పసిగట్టినట్టే గుర్రాన్ని కూడా దూరం నుంచే పసిగట్టి మొరిగేది. ఆ మొరుగు వినగానే మా తాత విత్తనపు పొట్టేలును, మంచి గొర్రెలను వాగు ఒడ్డున పొదల వెనక్కి తోలేవాడు. మందకు పిల్లలు కలిగేది ఆ పొట్టేలు వల్లే. అలాంటి దాన్ని ఇంకోదాన్ని తయారు చేయాలంటే రెండేళ్ళు పడుతుంది. దొర వచ్చేసరికి ఆయన కంటికి ముసలివీ కుంటివీ మాత్రమే కనబడేవి. విసుక్కుంటూ వాటిలోనే ఒకటి పట్టుకుపోయేవాడు.

ఒక వానాకాలం నల్ల కుక్క మొరిగి ఊరుకోలేదు. గుర్రం వెనక కాళ్ళ మీదికి ఉరికింది. తోడేలునైతే అలాగే పట్టేది పాపం. గుర్రం ఒక్క తాపు తన్నింది. కుక్క లేచి, రెండడుగులు నడిచి, మా తాత వైపు చూసి పడిపోయింది. మళ్ళీ లేవలేదు. బెదిరిన గుర్రం మీద నుంచి పడబోయి నిలదొక్కుకున్న దొర, కోపం కూడా లేని గొంతుతో ఒక్కటే మాట అన్నాడు. "ఇంకోపారి నీ కుక్క నా గుర్రం మీదికొస్తే, కుక్కనే కాదు, నీ మందను గూడ ఈ ఊళ్ళె ఉండనియ్యనురా."

నల్ల కుక్క ఈనిన పిల్లలు రెండు మిగిలాయి. అప్పుడప్పుడే కళ్ళు తెరుస్తున్నాయి. కుక్కలు లేకపోతే తోడేళ్ళు మందను మిగల్చవు. ఉంటే దొర మమ్మల్ని ఉండనివ్వడు. మా తాత మూడు రోజులు సరిగా అన్నం తినలేదు. తర్వాత ఒక ఉపాయం చేశాడు. కుక్కపిల్లను గొర్రెల నడుమ పడుకోబెట్టి పెంచితే ఆ వాసనను తన వాళ్ళ వాసన అనుకుంటుంది, మా వాళ్ళు ఎప్పటినుంచో అలాగే పెంచుతారు. అదే పని గుర్రంతో చేద్దామనుకున్నాడు. గుర్రాన్ని చూసుకునే మనిషికి ఒక గొంగడి ఇచ్చి, జీను కింద పరిచే పాత గుడ్డను తెచ్చాడు. చెమట కంపు కొట్టే ఆ గుడ్డ మీదే పిల్లలు పడుకున్నాయి, దాని మీదే తిన్నాయి.

నాకు కూడా ఒక పని అప్పగించాడు. బాట మీద డెక్కల చప్పుడు వినబడితే, గుర్రం దాటిపోయే దాకా నేను రెండు పిల్లల మూతులూ అరచేతులతో మూసి పట్టుకోవాలి. "చప్పుడు చెయ్యనియ్యకు బిడ్డా. నువ్వు గూడ చెయ్యకు" అనేవాడు. నాకు ఎనిమిదేళ్ళు. ఊపిరి కూడా బిగపట్టేదాన్ని. ఆ పని నాకిచ్చినందుకు ఎంత గర్వపడ్డానో చెప్పలేను.

మా అవ్వ ఒక్కసారే అడిగింది. "కుక్క మొరగకుంటె మనకెందుకు అది?"

"ముందుగాల అయితె బతకనియ్యి" అన్నాడు తాత.

చలికాలం పోయేసరికి అవి మోకాలెత్తు ఎదిగాయి. ఒక పొద్దున తాత, అవ్వ తలలు వంచుకుని గొర్రెల బొచ్చు కత్తిరిస్తున్నారు. తర్వాత వంతు పొట్టేలుది, పక్కనే కట్టేసి ఉంది. నేను కుక్కలతో కొంచెం పైన బండ మీద కూర్చున్నాను. బాట మలుపు దగ్గర దుమ్ము లేచింది. ఆ దుమ్ములో గుర్రం, వెనక ఇద్దరు మనుషులు. అందరికంటే ముందు చూసింది నేనే. పొట్టేలును విప్పి వాగులోకి తోలేంత సమయం ఉంది. ఆ సంగతి నాకు తెలుసు. కానీ నేను కుక్కల మూతుల వైపే చూస్తున్నాను. చెవులు నిక్కించాయి, తోకలు ఊపాయి, మొరగలేదు. మూతులు పట్టుకునే అవసరం కూడా లేకపోయింది. నాకు ఎంత సంతోషమైందో. నేనూ నోరు తెరవలేదు.

గుర్రం నీడ చేతుల మీద పడ్డాకే తాత తల ఎత్తాడు. కుక్కలు బండ దిగి నేరుగా గుర్రం వెనక కాళ్ళ దగ్గరికి పోయాయి. తాత చేతిలో కత్తెర ఆగిపోయింది. అవి డెక్కలను వాసన చూసి అక్కడే పడుకున్నాయి. దొర నవ్వాడు.

"నీ కుక్కలు మర్యాద నేర్చుకున్నయిరా" అన్నాడు. ఆ తర్వాత ఆయన చూపు పొట్టేలు మీద పడింది.

"దొరా, అది విత్తనపుది. ఇంకోటి పట్టుకపోండ్రి, రెండు పట్టుకపోండ్రి" అని తాత చేతులు జోడించాడు. వచ్చిన మనుషులు అప్పటికే తాడు విప్పుతున్నారు. పొట్టేలు నాలుగు కాళ్ళూ తన్నిపట్టి నిలబడితే ఈడ్చుకుపోయారు. మా కుక్కలు రెండూ తోకలు ఊపుకుంటూ మలుపు దాకా వెళ్ళి, సొంతవాళ్ళను సాగనంపినట్టు గుర్రాన్ని సాగనంపి వచ్చాయి.

నేను ఏడుస్తూ బండ దిగాను. "నేను ముందుగాలే చూసిన తాతా. ఒర్రలే, కేకెయ్యలే" అని చెప్పేశాను. దెబ్బలు పడతాయనుకున్నాను. తాత నా చెయ్యి పట్టుకుని దగ్గర కూర్చోబెట్టుకున్నాడు.

"నీ తప్పు గాదు బిడ్డా. కుక్కలకు నేర్పుకుంట నీకు గూడ నేర్పిన." కుక్కల వైపు చూసి, "వాటికి ఎట్ల మరిపియ్యాల్నో నాకు తెల్వది. నువ్వు మనిషివి. నువ్వు మరిచిపో" అన్నాడు.

ఆ సాయంత్రం అవ్వ ఆ గుడ్డను పొయ్యిలో పెట్టింది. కుక్కలు అది పరిచి ఉండే మూలంతా వెతికి, ఆ ఖాళీ చోటే పడుకున్నాయి. బతికినన్నాళ్ళూ గుర్రాన్ని చూసి మొరగలేదు.

మర్నాడు తాత నన్ను అదే బండ మీద నిలబెట్టి గట్టిగా అరవమన్నాడు. నా గొంతు పెగల్లేదు. ఎన్నడూ గొంతెత్తి మాట్లాడి ఎరగని మనిషి, కింద నిలబడి తనే అరిచాడు. గొర్రెలన్నీ బెదిరి అటూ ఇటూ ఉరికాయి. ఆయన మూడోసారి అరిచినప్పుడు నా గొంతు కూడా లేచింది.

ఇప్పుడు నా మనవళ్ళకు పిల్లలున్నారు. ఇంటి ముందుకు ఎవరైనా దర్పంగా వచ్చి నిలబడితే ముందు వినబడేది నా గొంతే. అత్తమ్మకు నోరెక్కువని కోడళ్ళు నవ్వుకుంటారు. ఎక్కువే, ఎవరేమన్నా తగ్గించను. కానీ నోరు తెరిచే ముందు ఇప్పటికీ ఒక్క క్షణం గొంతు పట్టేస్తుంది. ఆ సంగతి వాళ్ళకు తెలియదు. ఇన్నేళ్ళు అరిచినా ఆ ఒక్క క్షణం మాత్రం నన్ను వదల్లేదు.