నేను చూడని ల్యాబు

మా రిపోర్టుల చివరి పేజీలో, పట్టికలూ హెచ్చరికలూ అయిపోయాక, రాసినవాళ్ళ గురించి మూడేసి వాక్యాలుంటాయి. చిప్పుల మార్కెట్ గురించి, వైర్‌లెస్ పరికరాల గురించి మేము చెప్పే జోస్యాన్ని ఎందుకు నమ్మాలో ఆ మూడు వాక్యాలే చెప్పాలి. ఒకాయన చిప్పులు తయారుచేసే కంపెనీలో సగం జీవితం గడిపి వచ్చాడు. ఇంకొకాయన సెల్ టవర్లకు సిగ్నల్ లెక్కలు కట్టేవాడు. మరొకాయన షేర్ల ఆఫీసులో కూర్చుని, చిప్పుల కంపెనీల షేర్లు లేవడం పడడం చూసి చూసి ఇటు తిరిగాడు. ఏళ్ళ తరబడి వీళ్ళతో పనిచేస్తున్నాను. ముఖాలు కంప్యూటర్ తెర మీద అగ్గిపెట్టె అంత చూశాను. ఆ మూడు వాక్యాలకు మించి వాళ్ళెవరో నాకు తెలియదు. వాళ్ళకు నేనూ అంతే.

నా మొదటి వాక్యం చాలాకాలం ఇలా ఉండేది: ‘వైర్‌లెస్ పరికరాల పరీక్ష, పంపిణీ రంగాల్లో పన్నెండేళ్ళ అనుభవం.’ అబద్ధమని కేసు వేస్తే నిలబడదు. జడ్చర్ల బస్టాండు ఎదురుగా మాకు సెల్‌ఫోన్ల షాపు ఉండేది. మోగుతుందా, ఛార్జింగ్ ఎక్కుతుందా అని చూడడం పరీక్ష. కవర్లో పెట్టి చేతికివ్వడం పంపిణీ.

నేను దుకాణాల మధ్య పెరిగినదాన్ని. సెల్‌ఫోన్లు రాకముందు అదే షట్టర్ కింద మా బాపు స్టీలు సామాన్లు అమ్మేవాడు. ఒకపక్క బట్టల దుకాణం, ఇంకోపక్క కిరాణం. దుకాణంలో కూర్చున్నవాళ్ళ నోట ‘లేదు’ అన్న మాట రాకూడదని బాపు పెట్టిన కట్టు. గిరాకి అడిగిన గిన్నె లేకపోతే రేపొస్తదనాలి, లేదంటే దానికంటే పెద్దది చూపెట్టాలి. బడికి పోయే వయసుకే నాకు ఈ విద్య పట్టుబడింది. టీచరు హోంవర్కు ఏదని అడిగితే, నిన్నటిది ఇంకా బాగా చేశాను చూడండని పాత నోటుపుస్తకం తీసి ఇచ్చినదాన్ని. పెళ్ళి బేరమొక్కటే కుదరలేదు. అవతలివాళ్ళు నన్ను మించిన బేరగాళ్ళు.

తెలంగాణ వచ్చిన రెండు మూడేళ్ళకు, హైదరాబాదు నుంచి ఈ రిపోర్టులు రాసే ఆఫీసువాళ్ళు నెలనెలా మా షాపుకు ఫోన్ చేసేవాళ్ళు. ఏ ఫోన్లు పోతున్నాయి, ఏవి పోవట్లేదు అని అడిగేవాళ్ళు. ఏం చెబితే అది రాసుకునేవాళ్ళు. చూసి చూసి నాకే మనసొప్పక ఒకరోజు అడిగేవాడికి పాఠం చెప్పాను. దుకాణదారు రేపొస్తదన్నాడంటే సరుకు అయిపోయిందని. ఎన్ని కావాలంటే అన్ని ఇస్తానన్నాడంటే మూలన పడి ఉన్నాయని. డీలరును తిడుతున్నాడంటే ఆ ఫోను బాగా పోతున్నదని. తర్వాత అచ్చంపేట, నారాయణపేట, నల్లగొండ షాపులకు మీరే ఫోన్ చేసి చెబుతారా అని అడిగారు.

అలా మొదలైంది. బాపు పోయాడు. జనం ఫోన్లు ఇంటికి తెప్పించుకోవడం నేర్చారు. కింద షాపు కళ్ళద్దాలవాళ్ళకు కిరాయికిచ్చి నేను కంప్యూటరుతో మేడమీది గదిలోకి చేరాను. ప్రపంచమంతా చిప్పులకు కరువొచ్చిన కాలంలో మా ఇంజనీర్లందరూ ఫ్యాక్టరీల లెక్కలు చూసి, కరువు తీరడానికి ఇంకెన్నాళ్ళో పట్టదన్నారు. అచ్చంపేటలో ఒక షాపాయన అమ్ముడుపోని పాత మోడళ్ళకు దుమ్ము తుడిచి అద్దాల వెనక పెడుతున్నాడు కాబట్టి ఇప్పట్లో తీరదని నేను రాశాను. తీరలేదు. దాంతో నన్నూ అనలిస్టును చేశారు. ప్రొఫైల్ రాసేటప్పుడు మేనేజరు సెల్ షాపు అనే మాట వద్దన్నాడు. ‘పంపిణీ’ దగ్గర ఆగుదామన్నాడు. నేను ‘పరీక్ష’ కూడా అడిగాను. నవ్వి ఇచ్చేశాడు. మంచి బేరం కుదిరిందని ఆ పూట సేమ్యా వండుకుని తిన్నాను.

ఒక్కదాన్నే తిన్నాను. షాపు ఉన్నన్నాళ్ళూ మధ్యాహ్నం మా మూడు దుకాణాల టిఫిన్లూ బట్టల దుకాణంలోని పరుపు మీద విప్పేవాళ్ళం. ఎవరి కూర ఎవరిదో ఎవరికీ తెలిసేది కాదు. మేడ ఎక్కాక కొన్నాళ్ళు కింది నుంచి కేకేసేవాళ్ళు. సరిగ్గా ఆ వేళకే నాకు కాల్స్ ఉండేవి. తర్వాత కేకలు ఆగిపోయాయి. బట్టల దుకాణం పెద్దాయన ఒకసారి మెట్ల కింద నిలబడి ఇప్పుడేం అమ్ముతున్నవు బిడ్డా అని అడిగాడు. మాటలు అన్నాను. గజమెంత అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ తర్వాత ఆయన నా పని గురించి ఇంకేమీ అడగలేదు. పొద్దంతా బస్టాండు మైకులో ఊళ్ళ పేర్లు వినిపిస్తుంటాయి. నాతో తెలుగు మాట్లాడేది ఆ మైకొక్కటే అనిపించే రోజులుండేవి.

అప్పుడు అక్క ఫోన్ చేసింది.

మా అనలిస్టుల్లో నేను కాక ఉన్న ఒకే ఒక్క ఆడమనిషి ఆమె. బెంగళూరులో ఉంటుంది, నాకన్నా పదేళ్ళు పెద్ద. ఒక చిప్పుల కంపెనీలో పదహారేళ్ళు టెస్టింగ్ ఇంజనీరు. అది ఆమె మొదటి వాక్యం. మా ఇద్దరి పేర్లతో ఒక రిపోర్టు రావలసి ఉంటే దాని గురించి మాట్లాడడానికి చేసింది. నేను ఇంగ్లీషులో రెండు ముక్కలు మాట్లాడానో లేదో, ఆపేసి తెలుగులోకి దిగింది.

“నీదే ఊరు చెల్లె?”

“జడ్చర్ల అక్క.”

“మాది నల్లగొండ. ఇన్నొద్దులు ఉత్తగనే ఇంగ్లీషుల కొట్టుకున్నం గదా.”

నాకు ఎంత సంతోషమైందంటే, రిపోర్టు సంగతి ఇద్దరం మరిచిపోయాం. ఫోన్ పెట్టేముందు అడిగింది, ప్రొఫైల్లో పరీక్ష అని ఉంది, నువ్వు కూడా ల్యాబులోనే చేశావా అని. అక్కడ అనవలసిన మాట రెండక్షరాలది. ఆ రెండక్షరాలు మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు. గట్లనే అనుకో అక్క, చిన్న జాగ అన్నాను.

ఆ తర్వాత ప్రతి శుక్రవారం సాయంత్రం నాలుగింటికి ఫోన్ వచ్చేది. శుక్రవారం కోసం నేను వారమంతా ఏవో కబుర్లు ఏరిపెట్టుకునేదాన్ని. ఆమె ఎక్కువగా ల్యాబు సంగతులే చెప్పేది. టోపీ, గ్లౌజులు, ఏడాది పొడుగునా ఒకటే చలి. ఆ షిఫ్టులో ఆమె ఒక్కతే ఆడది. మగవాళ్ళందరూ గుంపుగా క్యాంటీనుకు పోయేవాళ్ళట. ఆమెను రమ్మనాలని ఎవరికీ తోచలేదు, ఆమె అడగనూ లేదు. లిఫ్టు పక్కన ఒక కుర్చీ ఉండేదట. పదహారేళ్ళు ఆ కుర్చీలో ఒక్కతే డబ్బా విప్పుకుని తిన్నది. చెప్పినప్పుడల్లా, నీకు తెలుసు గదా చెల్లె, అనేది.

తెలుసని ఊకొట్టేదాన్ని. ఊకొడితే సరిపోయేది. కానీ అమ్మేవాళ్ళకు ఒక రోగం ఉంటుంది, గిరాకి ముఖం వెలగగానే పైనొకటి వేయాలనిపిస్తుంది. ఒక శుక్రవారం, నేను కూడా మా ల్యాబుల ఒక్కదాన్నే తినేదాన్నక్క అన్నాను. అంతటితో ఊరుకోలేదు. స్టీలు డబ్బా అన్నాను. కిటికీ అన్నాను. కిటికీలోంచి కనబడే వేపచెట్టు కూడా వేసి ఇచ్చాను.

అక్క మెల్లగా అన్నది.

“ఈ ముచ్చట నేను ఇంట్ల గూడ చెప్పలే చెల్లె. నీకు తెలుస్తదని చెప్పిన.”

నా దగ్గర సొంత సరుకు గదినిండా ఉంది. మెట్ల మీద మనిషి అడుగు వినబడక ఎన్ని రోజులయిందో చెబితే చాలు. అది వదిలి ఆమె ఒంటరితనాన్నే ఎత్తుకొచ్చి, వేరే కవర్లో పెట్టి ఆమెకే అమ్మాను.

రెండేళ్ళు అలాగే నడిచింది. పోయినేడు ఒక పెద్ద క్లయింటు, మా అనలిస్టులు ఇంతకుముందు ఎక్కడ, ఏ పని చేశారో వివరంగా కావాలని అడిగాడు. మూడు వాక్యాలు చాలవట. అందరి వివరాలూ ఒకే పేజీలో చేర్చి సోమవారం అందరికీ పంపుతామని మేనేజరు చెప్పాడు. నేను భయపడుతూ ఫోన్ చేస్తే, సెల్ షాపు అనే రాయండి, ఇప్పుడు అలాంటివే కావాలంటున్నారు, కింది నుంచి మార్కెట్ చూసిన మనిషి అంటే విలువ అన్నాడు. అంటే ఉద్యోగానికి ఢోకా లేదు. ఉద్యోగం పోయేదైతే నాకు ఇంత కష్టమయ్యేది కాదు. ఇంకొకటి అడిగి తెచ్చుకునేదాన్ని.

సోమవారం అక్క ఆ పేజీ చూస్తుంది. మధ్యలో ఒక్క శుక్రవారం ఉంది. నా నోటితో చెబితే మనిషి మిగులుతుందేమో, పేజీలో చదివితే మిగలదని లెక్క వేసుకున్నాను. నాలుగింటికి ఫోన్ మోగింది.

“అక్క, ఒక మాట చెప్పాలె. నేను చేసింది పెద్ద ల్యాబు గాదు.”

“చిన్నదే అన్నవు గదా.”

“ల్యాబంటే ల్యాబు గూడ గాదు. రిపేరు జాగ అసుంటిది.”

“సర్వీసు సెంటరా?”

“అసుంటిదే. అమ్ముడు గూడ ఉండె.”

“గిట్ల మెల్లమెల్లగ దిగకు చెల్లె. ఆఖరు మాట చెప్పు.”

“సెల్లు షాపక్క. బస్టాండు కాడ. ల్యాబు నేను కండ్లతోని చూడలే.”

అక్క నవ్వింది. నిజంగానే నవ్వింది. దీనికా ఇంత భయపడ్డావు, మా నాయినది సైకిలు షాపు, పంక్చర్ల మీదనే నన్ను ఇంజనీరింగు చదివించాడు అన్నది. నా గుండె మీది బరువంతా దిగిపోయింది. నేనూ నవ్వడం మొదలుపెట్టాను. ఆమె నవ్వు ముందే ఆగిపోయిందని కొంచెం ఆలస్యంగా తెలిసింది.

“మరి ఒక్కదాన్నే తిన్నన్నవు?”

అక్కే మళ్ళీ అడిగింది.

“ఆ కిటికి? యాపచెట్టు?”

“లేదక్క. అప్పుడు నేనెన్నడు ఒక్కదాన్నే తినలే. అందరం కూసొని తింటుంటిమి. ఇప్పుడు తింటున్న, ఒక్కదాన్నే.”

జీవితంలో నేను చెప్పిన మాటల్లో అంత నిజమైనది ఇంకొకటి లేదు. కానీ నోట్లోంచి వస్తుండగానే అది ఎలా వినిపిస్తోందో నాకే తెలిసిపోయింది. ఒక సరుకు వద్దంటే వెంటనే బల్ల మీద ఇంకొకటి పెట్టినట్టుంది.

“ఇదన్న నిజమేనా?” అన్నది అక్క.

“నిజమే అక్క.”

“ఏమో.”

కోపం లేదు ఆ మాటలో. నిజంగా తెలియకనే అన్నది. ఉంటాను మరి అని ఫోన్ పెట్టేసింది.

సోమవారం పేజీ వచ్చింది. మేనేజరు మెచ్చుకున్నాడు. టవర్ల లెక్కలాయన, తన మేనమామకు కూడా ఫోన్ల షాపు ఉందని నాకు ప్రత్యేకంగా రాశాడు. అక్క నుంచి ఏమీ రాలేదు. ఆ శుక్రవారం నాలుగయ్యింది, అయిదయ్యింది. బస్టాండు మైకు కల్వకుర్తి బస్సు గురించి రెండుసార్లు చెప్పింది. పై వారం నేనే చేశాను. ఎత్తింది. మీటింగులో ఉన్నానండీ అన్నది. ఆ ‘అండీ’ విన్నాక మళ్ళీ చేయడానికి నాకు చెయ్యి రాలేదు.

ఈ మధ్య ఒక రిపోర్టులో చిప్పుల పరీక్ష గురించి ఒక పేరా నా వంతుకు వచ్చింది. వంద చిప్పులు తయారైతే ఎన్ని పనికిరాకుండా పోతాయి, ఎందుకు పోతాయి, ఆ సంగతి ఎక్కడ తేలుతుంది అన్నది. ఇదివరకైతే తెలిసినట్టే రాసి పడేసేదాన్ని. ఈసారి అక్కకు మెయిలు పెట్టాను. నాకు ఇది తెలియదు, చెప్పగలరా అని ఒక్క వాక్యం.

పావుగంటలో జవాబు వచ్చింది. రెండు పేజీలు. టోపీ ఎందుకు పెట్టుకుంటారు దగ్గరి నుంచి, ఒక్క దుమ్ము కణం పడితే ఏమవుతుంది, సూది మొన చిప్పును ఎక్కడ తాకుతుంది, చెడిపోయినదాన్ని ఎలా గుర్తుపెడతారు, అన్నీ వరసగా ఉన్నాయి. ల్యాబు గడప తొక్కని మనిషికి చెప్పినట్టు, ఏ మాటనూ తెలుసులే అని వదిలేయకుండా, ఓపికగా రాసింది. రెండేళ్ళ శుక్రవారాల్లో ఆమె నాకు ఇంత వివరంగా ఎన్నడూ చెప్పలేదు. చెప్పాల్సి ఉందని ఆమెకు అప్పుడు తెలియదు. కింద ఆమె పేరు, హోదా ఉన్నాయి. చెల్లె అన్న మాట ఎక్కడా లేదు. మొదటి నుంచి ఇంకొకసారి చదివి, పేరా రాయడానికి కూర్చున్నాను.