చుక్క పాల నుంచి గ్లాసు దాకా

పోలీసు యాక్షన్ అయిన మూడో ఏడు, ఎండాకాలం. మా సరోజకు రెండేళ్ళు దాటాయి. అప్పటిదాకా నా పాలే తాగింది. అంతకుముందు ఒకసారి పెరుగు నాలుకకు రాస్తే కక్కింది. పిల్ల చేష్ట అనుకుని వదిలేశాం. ఇక మాన్పించాలని ఒక పొద్దున గ్లాసులో బర్రెపాలు పట్టాను. రెండు గుక్కలు తాగి ఏడ్చింది. కాసేపటికి ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి, పెదవులు వాచాయి.

మా అత్తమ్మ చూస్తూనే చెంపలేసుకుంది.

"అమ్మవారు పోసిందే! మందుల జోలికి పోకుండ్రి, తల్లికి కోపమొస్తది."

నాంపల్లి స్టేషన్ వెనక మా కిరాయి ఇంటి గుమ్మానికి అప్పటికప్పుడు వేపమండలు కట్టాం. అమ్మవారు పోసిన బిడ్డకు చలవ చేయాలి కదా! పెరుగన్నం మెత్తగా కలిపి నా చేత్తో నేనే తినిపించాను. ఏడో తరగతి దాకా చదివానని నాకు కొంచెం పొగరుండేది. ఆ పూట ఆ చదువు ఎందుకూ పనికిరాలేదు.

నాలుగో ముద్దకు పిల్ల గొంతులో పిల్లికూతలు మొదలయ్యాయి. మూతి నీలంగా మారుతోంది. అత్తమ్మ వద్దంటున్నా వినకుండా ఎత్తుకుని రిక్షా ఎక్కాను. ఆబిడ్స్‌లో దవాఖాన ఎంత దూరమని! ఆ రోజు మాత్రం ఎంతకీ రాలేదు.

అక్కడి డాక్టరు గారు ముందు ఇంజెక్షన్ ఇచ్చారు. అది అడ్రినలిన్ అని తర్వాత చెప్పారు. పిల్ల ఊపిరి సర్దుకున్నాక నా వైపు తిరిగారు.

"ఏం తినిపించిన్రమ్మా?"

"అమ్మవారు పోసిందని పెరుగన్నం పెట్టిన."

"దానికంటే ముందు?"

"పాలు."

"ఇది అమ్మవారు కాదమ్మా, అలర్జీ. పిల్లకు పాలు పడ్తలేవు. మీరేమో పాలకు విరుగుడు పెరుగు పెట్టిన్రు" అన్నారు.

పిల్ల మూతికి అంటిన పెరుగు మెతుకులు కొంగుతో తుడిచాను.

అప్పటినుంచి ఇంట్లో పాలు, పెరుగు అన్నీ ఉట్టి మీదికెక్కాయి. కానీ ఊరంతటినీ ఉట్టెక్కించలేం కదా. ఒక పేరంటంలో ఎవరో ముద్దుచేసి గోరంత కోవా నోట్లో పెట్టారు. మళ్ళీ అదే రిక్షా, అదే ఇంజెక్షన్. ఈసారి డాక్టరు గారు ఇంకో దారి చెప్పారు.

"ఎంతకాలమని దాస్తరమ్మా? డీసెన్సిటైజేషన్ అని ఒక పద్ధతి ఉన్నది. చుక్క చుక్కగా ఒంటికి పాలు అలవాటు చేసుడు. రెండేండ్లు పట్టొచ్చు, కుదరకనూ పోవచ్చు. డోసు పెంచుడు నా ముందటనే, ఇంట్ల కాదు."

గన్‌ఫౌండ్రీ దగ్గర ఒక ఆఫీసులో గుమాస్తా పని చేసే మా ఆయన వారం రోజులు ఎటూ తేల్చలేదు. నాకూ భయమే. విషమని తెలిసినదాన్ని చేతులారా ఎవరు పోస్తారు? కానీ పిల్లను ఎన్నాళ్ళు చంకలో దాచిపెట్టగలను?

చెంబుడు నీళ్ళలో ఒక్క చుక్క కాచిన పాలు. అందులోంచి ఒక్క చెంచా. అలా మొదలైంది. తాగించి గంటసేపు దవాఖాన బల్ల మీద కూర్చునేవాళ్ళం. నేను దాని పెదవులే చూస్తుండేదాన్ని. డోసు పెంచే రోజు డాక్టరు గారి దగ్గర, మిగతా రోజులు అదే కొలత ఇంట్లో. జ్వరం వస్తే ఆపి, ఆయనకు చూపించాకే మళ్ళీ మొదలు. ఏడాది గడిచేసరికి నీళ్ళు కలపని పాలు రెండు చెంచాలదాకా వచ్చాం. నీళ్ళు కలపలేదని మేమనుకున్నాం.

ఒక పొద్దున అదే చెంచా, అదే కొలత, అయినా పది నిమిషాల్లో దద్దుర్లు, దగ్గు. ఏడాది కష్టం గంగపాలైందనిపించింది. ముగ్గురం దవాఖానకు పరిగెత్తాం. ఇంజెక్షన్ అయ్యాక డాక్టరు గారు ఒక్కొక్కటీ అడిగారు.

"చెంచా మారిందా? జ్వరమేమన్న వచ్చిందా? ఉరికి దుంకి ఆడిందా?"

అన్నిటికీ లేదనే చెప్పాను. తలుపు దగ్గర నిలబడ్డ అత్తమ్మ నెమ్మదిగా నోరు తెరిచింది.

"పాలు మారినయి సారూ."

పాలు పోసే మల్లయ్య ఎన్నాళ్ళుగానో సగం నీళ్ళు కలిపి పోస్తున్నాడు. "నా మనుమరాలి మందుల నీళ్ళు కలుపుతవా?" అని ముందురోజు అతనితో తగువేసుకుని, ఆ పొద్దున బర్రె పక్కనే నిలబడి పిండించి తెచ్చిందట. మనుమరాలి మీది ప్రేమతో తెచ్చిన చిక్కటి పాలు. కొలత మారలేదు గానీ డోసు ఒకటికి రెండైంది.

అత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "నా చేతులతోటే బిడ్డను చంపుకుంటుంటి" అంది. అప్పుడు నాకు కోపం రాలేదు.

"ఆ రోజు పెరుగన్నం పెట్టింది నేనే కదా అత్తమ్మా. ఫికర్ చెయ్యకు, నీకు నాకు సరిపాయె" అన్నాను.

డాక్టరు గారికి నవ్వాగలేదు.

"ఇన్నొద్దులు మల్లయ్య కూడ మనతోటి వైద్యం చేసిండన్నట్టు. ఇగనుంచి నీళ్ళు కలువని పాలే తేండ్రి. డోసు బాగ తగ్గించి మళ్ళ మొదలువెడ్దం."

వెనక్కి పోయిన దూరం మళ్ళీ నడవడానికి ఆరు నెలలు పట్టింది. పిండేటప్పుడు అత్తమ్మ రోజూ చెంబుతో నిలబడేది. అక్కడినుంచి చెంచా చెంచా పెంచుకుంటూ పోయాం. పూర్తి గ్లాసు తాగిన రోజు గంట దాటినా బల్ల మీదనుంచి లేవడానికి మాకు ధైర్యం రాలేదు. డాక్టరు గారు అనుమతించాక మొజంజాహీ మార్కెట్‌లో ఐస్‌క్రీం తినిపించాం. సరోజ దాన్ని నాకుతుంటే నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. "నీకు గూడ కావాల్నా?" అని అడిగింది.

ఇప్పుడు సరోజకు ఏడేళ్ళు. ఆబిడ్స్‌లో బడికి వెళ్తుంది. రోజూ గ్లాసు పాలు తాగకపోతే ఒళ్ళు ఆ అలవాటు మరచిపోతుందని డాక్టరు గారు హెచ్చరించారు. అందుకే ఆ గ్లాసు తప్పదు.

ఈ వైద్యంలో ఉన్న తల్లులకు నేను చెప్పేది ఒక్కటే. పిల్ల నోట్లోకి పోయినది ఏమిటో, ఎక్కడిదో, ఎవరు పెట్టారో డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పండి. అత్తగారు తిడతారని, పాలాయన నొచ్చుకుంటాడని దాచకండి.

ఇవాళ పొద్దున కూడా సరోజ ముక్కు మూసుకుని గ్లాసు పక్కకు నెట్టింది. నేను చేతిలో పని వదిలేసి దాని దగ్గరకు పరిగెత్తాను.

"ఏమైంది బిడ్డా? గొంతు దురద పెడ్తున్నదా?"

"ఏం కాలే. పాలు మంచిగ లెవ్వు, నాకిష్టం లేదు."

అత్తమ్మ గ్లాసు పట్టుకుని దాని వెంట పడింది. నేను వంటింటి గడప మీద కూర్చుని కడుపారా నవ్వుకున్నాను.