రాసిందెవరో చిప్పు చెప్పదు

ఆగస్టు నెల, గురువారం. తెల్లవారినప్పటి నుంచి తుంపర. మేడ మీద నీళ్ల ట్యాంకు కడిగాను. మా వదిన పోయింది. ఇవాళ ఆమె దినాలు.

రోజువారీ లెక్కలు రాసుకునే మనిషిని. ఇట్లా మొదలుపెట్టడం తప్ప ఇంకో రకం రాదు. ఉప్పల్‌లో ఒక శానిటరీ సామాన్ల దుకాణంలో పద్దులు చూస్తాను. నాచారంలో కింది వాటాలో మా అన్న, వదిన; పై వాటాలో నేను. పోయిన వారం సోమవారం పొద్దున వదిన వంటింటి గడప మీద కూర్చుని "జర ఆయాసమొస్తున్నది" అంది. దవాఖానాకు తీసుకుపోతుంటే హబ్సిగూడ దాటకముందే, ఆటోలోనే, అన్న భుజం మీద తల వాల్చి పోయింది.

మా దుఃఖం మా ఇంట్లోది. చదివేవాళ్లకు చెప్పాల్సింది వేరే ఉంది. బతికుండగా ఆమె మీద ఒక మాట పడింది. అది అబద్ధం. అబద్ధమని రూఢిగా తెలిసిన మనిషి ఇవాళ దాకా నోరు విప్పలేదు. ఇవాళ విప్పాడు. ఎట్లా విప్పాడో కూడా రాస్తాను.

వదిన చేసే పని చాలామందికి అర్థమయ్యేది కాదు. కంప్యూటర్‌లో మదర్‌బోర్డు మీద గుచ్చే కార్డులు ఉంటాయి: తెర మీద బొమ్మ చూపించేది ఒకటి, హార్డ్ డిస్కులను కలిపేది ఒకటి, ఇట్లా. ప్రతి కార్డు మీద శనగబద్ద అంత నల్లటి చిప్పు ఉంటుంది. కరెంటు రాగానే కార్డు ముందు దాన్ని చదువుకుంటుంది. తన పేరేమిటో, ఎంత వేగంతో పనిచేయాలో, ఫ్యాన్ ఎప్పుడు తిప్పాలో అందులోనే ఉంటుంది. దాన్ని ఫర్మ్‌వేర్ అంటారు. వదిన ఆ రాత తుడిచి వేరే రాత రాసేది.

పెళ్లికి ముందు నుంచీ నాచారం పారిశ్రామికవాడలో బోర్డులకు సోల్డరింగ్ చేసే కంపెనీలో పనిచేసింది. కంపెనీ మూతపడ్డాక ముందు గదిలో కిటికీ కింద బల్ల వేసుకుంది. పోచారం వైపు ఆఫీసులు పాత సర్వర్లు తీసేస్తే వాటి కార్డులు తుక్కు కింద వస్తాయి. కొన్ని కార్డులు తమ కంపెనీ డిస్కులు తప్ప వేరేవి ముట్టవు. వదిన రాత మారిస్తే ఏ డిస్కు పెట్టినా పనిచేసేవి. వీడియోలు చేసేవాళ్లు అట్లాంటి కార్డుల కోసం వెతుక్కుంటూ వచ్చేవారు.

"కంపెనీ తనకు పనికొచ్చేటట్టు రాసుకుంటది. మనకు పనికొచ్చేటట్టు మనం రాసుకుంటం. గందుల తప్పేమున్నది?" అనేది.

అణకువ గల మనిషి అని రాస్తే ఆమే ఒప్పుకోదు. నోరు పెద్దది. పొగడ్త అంటే మహా ఇష్టం. పొగడకపోతే అడిగి పొగిడించుకునేది. కార్డు బాగయ్యాక కుర్చీ వెనక్కి జరిపి, "ఎట్లున్నది పని?" అనేది.

"బాగున్నది వదినె."

"బాగున్నది అని పప్పుచారుకంటరు మరిదీ. పనికి ఇంకేమన్న అను."

బల్ల దగ్గరికి వచ్చే ముందు చేతులు తుడుచుకుని కిటికీ ఇనుప చువ్వ పట్టుకునేది, ఒంట్లో ఉన్న కరెంటు దిగిపోవాలని. నైలాన్ చీర కట్టుకున్నవాళ్లను గడప దాటనిచ్చేది కాదు. చిప్పు రాస్తున్నంతసేపూ ఇంట్లో మిక్సీ వేయకూడదు, మోటరు వేయకూడదు. ఒకసారి అన్న మరిచిపోయి మోటరు స్విచ్చి మీద చెయ్యి పెట్టాడు.

"చెయ్యి తియ్యి! నడుమల కరెంటు గుంజితే కార్డు సస్తది."

"ట్యాంకుల నీళ్లు లేవు. డ్యూటీకి పోవాలె."

"ఒక్కపూట నీళ్లు పోసుకోకుంటే నువ్వు సావవు గద."

అన్న స్నానం చేయకుండానే డ్యూటీకి పోయాడు. సాయంత్రం వచ్చి చెప్పులు విప్పుతూ, "కార్డు బతికిందా?" అని మాత్రం అడిగాడు. ఆమె పని గురించి ఆయన అంతకంటే ఎక్కువ మాట్లాడడం నేను వినలేదు.

ఆమెకు రెండు కట్టుబాట్లు ఉండేవి. ఏ చిప్పునైనా తుడిచే ముందు ఉన్నది ఉన్నట్టు చదివి, ఆ కాపీ హార్డ్ డిస్కులో దాచేది. అట్లా ఏళ్ల తరబడి రకరకాల కార్డుల అసలు రాతలు ఆమె దగ్గర పోగుపడ్డాయి. రెండోది, తాను మార్చిన కార్డు వెనక తెల్ల పెయింటుతో ఒక చుక్క పెట్టి, ఏం మార్చిందో చిన్నగా రాసేది. "మార్చింది మార్చినట్టు కనవడాలె" అనేది. ఆ చుక్క చూసి బేరం తగ్గుతుందని కొందరు గొణిగేవారు. వాళ్లను వేరే చోటు చూసుకోమనేది.

ఉప్పల్‌లో పాత కంప్యూటర్ల దుకాణం నడిపే ఒకాయన మొదట్లో చాలా పని ఇచ్చాడు. ఒక ఆదివారం నేను అక్కడే కూర్చుని పేపర్ చదువుతుండగా వచ్చి, సంచిలోంచి ఒక గ్రాఫిక్స్ కార్డు తీశాడు.

"అక్కా, చిన్న పని. దీని పేరు జర మార్చాలె. కంప్యూటర్ల పెట్టంగనే పెద్ద కార్డు అని కనవడాలె."

"కనవడితే అయితదా?"

"కొనేటోడు సూసేది పేరే గదక్కా."

"మరి పని జెయ్యకపోతే?"

"అప్పటి సంగతి అప్పుడు."

"గట్లనా? అయితే నీ దుకాణం మీద కలెక్టరాఫీసు అని బోర్డు పెట్టుకో. జనం సూసేది పేరే గద."

ఆయన నవ్వుతూనే కార్డు సంచిలో వేసుకున్నాడు. ఛాయ్ కూడా తాగి పోయాడు. ఆ తర్వాత రావడం తగ్గించాడు. అట్లాంటి పనులు చేసిపెట్టేవాళ్లు వేరేచోట దొరికారని తర్వాత తెలిసింది.

కొన్నాళ్లకు బోడుప్పల్‌లో పెళ్లి వీడియోలు చేసే అబ్బాయి ఒకడు మా గేటు ముందుకు వచ్చి కేకలు మొదలుపెట్టాడు. అతని తప్పు కూడా లేదు. ఆ ఉప్పల్ దుకాణంలోనే పెద్ద కార్డు అని కొన్నాడు. వీడియో ఎక్కించగానే కంప్యూటర్ ఆగిపోతోంది. పెళ్లివాళ్లు ఇంటి మీదికి వస్తున్నారు. దుకాణానికి పోయి నిలదీస్తే, "మేం మంచి కార్డే ఇచ్చినం. నాచారంల ఒకామె చిప్పులు రాస్తది, ఆమె కరాబు జేసింది" అని చెప్పి పంపించారు.

గల్లీ అంతా బయటికి వచ్చింది. వదిన గేటు తీసింది.

"నీ కార్డు నేను సూడనే లేదు. ఒర్లకు. లోపలికి రా, సూద్దాం."

అతను లోపలికి వచ్చాడు. జనం కిటికీ దగ్గర గుమిగూడారు. వదిన చువ్వ పట్టుకుని, కూర్చుని, కార్డు మీది ఫ్యాన్ విప్పింది. కింద ఉన్న వేడి లాగే పేస్టు తుడిచి భూతద్దం పెట్టి అసలు నంబరు చూసింది. తర్వాత కంప్యూటర్ తీగకున్న క్లిప్పు చిప్పుకు తగిలించి, లోపలి రాత చదివింది.

"నీకు చెప్పిన కార్డు కాదు బిడ్డా ఇది. చాన చిన్నది. మీద దొంగ పేరు రాసిన్రు."

అదే రకం కార్డు అసలు రాత ఆమె డిస్కులో ఉంది. తెచ్చి రాసింది. ఆమె సొంత కంప్యూటర్‌లో పెట్టి చూపిస్తే కార్డు తన పేరు తాను చెప్పింది. వీడియో ఎక్కించింది. మెల్లగానే అయినా ఆగకుండా నడిచింది. వదిన కుర్చీ వెనక్కి జరిపింది. మెచ్చుకుంటారనే అనుకుంది.

అతను తెర వైపు, ఆమె వైపు మార్చి మార్చి చూశాడు.

"అసలుది గింత జల్ది ఎట్ల దొరికింది నీకు?"

"నా దగ్గర ఉంటది. అన్నీ దాస్త."

"తీసుడు గింత సక్కగ వస్తే, పెట్టుడు రాదా?"

కిటికీ బయట నుంచి పక్కింటామె అందుకుంది: "మందు తీసేటామెకు మందు పెట్టుడు ఎర్కలేకుంటదా!"

అందరూ నవ్వారు. అన్నంలో ఎవరో మందు పెట్టారని, ఫలానా చోట ఒకామె దాన్ని కక్కించి తీస్తుందని మా వైపు ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు. తీయించుకోవడానికి ఆమె దగ్గరికే పోతారు. పెట్టింది కూడా ఆమే అయి ఉంటుందని దారి పొడుగునా అనుకుంటారు. ఆ నమ్మకాన్ని తెచ్చి ఈ కార్డుకు అతికించారు. ఆ రోజు వదిన "నాకు చేతకాదు పో" అని గేటు వేసుకుని ఉంటే ఏ మాటా పడేది కాదు. బాగుచేసింది కాబట్టి దొంగ అయింది.

ఆమె వాదించింది. "నేను రాసిన ప్రతి కార్డు మీద తెల్ల చుక్క ఉంటది. దీని మీద ఏది?"

"దొంగపనికి ఎవలన్న చుక్క పెడ్తరా?" అన్నాడు అతను.

చిప్పులో ఏం రాసి ఉందో చదవవచ్చు. ఎవరు రాశారో చిప్పు చెప్పదు.

పాత కంప్యూటర్ల వ్యాపారులు కొందరికి ఫోన్‌లో ఒక గ్రూపు ఉంది. అందులో మా గేటు ఫోటో పెట్టి, ఇక్కడ కార్డులు ఇవ్వొద్దని రాశారు. నేను ఆ దుకాణానికి పోయి అడిగాను. ఆయన కుర్చీ వేసి కూర్చోమన్నాడు.

"నేను అక్క పేరు ఎక్కడ తీసిన అన్నా? నాచారంల ఒకామె అన్న, అంతే. నాచారంల ఆమె ఒక్కతే ఉన్నదా?"

"చిప్పులు రాసేటామె ఒక్కతే."

"అది నువ్వంటున్నవ్. నేను అనలే."

పని ఆగిపోయింది. మొదట్లో వదిన నవ్వులాటగానే తీసుకుంది. "మంత్రగత్తెను జేసిన్రు మరిదీ. జేస్తే జేసిన్రు, మంత్రగత్తెకన్న ఒక కోడి, ఇన్ని బియ్యం తెచ్చిస్తరు. నాకు గవి గూడ లేవు" అనేది. రోజూ బల్ల తుడిచేది, క్లిప్పు బాగుందో లేదో చూసుకునేది, మళ్లీ కప్పేది. కొన్నాళ్లకు పక్కింటామె తన కొడుకు కంప్యూటర్ ఆన్ కావట్లేదని, ఏమీ జరగనట్టే, గోడ మీది నుంచి అడిగింది. వదిన చూసి బాగుచేసి ఇచ్చింది. "ఎట్లున్నది పని?" అని అడగలేదు. ఆ తర్వాత నన్ను కూడా ఎప్పుడూ అడగలేదు.

ఆ మాట వల్ల పోయిందని నేను అనను. గుండె జబ్బు ముందు నుంచీ ఉంది. ఆ మాట మోసుకునే పోయింది, అంతే అంటాను.

ఇవాళ ఇంటి ముందు టెంటు వేశాం. గల్లీవాళ్లు, చుట్టాలు వచ్చారు. మధ్యాహ్నం దుకాణం ఆయన పెద్ద పూలదండతో వచ్చాడు. ఫోటోకు వేసి, దండం పెట్టి, అందరికీ వినబడేటట్టు అన్నాడు: "అక్క అసొంటి పనిమంతురాలు ఉప్పల్ నుంచి ఘట్‌కేసర్ దాక లేదు." బంతిలో కూర్చుని తిన్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చి అన్న పక్కన కుర్చీ లాక్కున్నాడు. నేను అటు పక్కనే విస్తళ్లు లెక్కపెడుతున్నాను.

"అన్నా, అక్క డిస్కుల పాత కార్డుల కాపీలు ఉండె గద. మీకైతే పనికిరావు. నాకిస్తే నలుగురికి అక్కరకొస్తయి."

అన్న ఆయన వైపు కుర్చీ తిప్పుకున్నాడు. తర్వాత, "గా బోడుప్పల్ పిలగాని కార్డు ఎవలు రాసిన్రు?" అని అడిగాడు.

"ఇప్పుడెందుకన్నా గవన్ని. పోయినామె పోయింది."

"చెప్పి తీస్కపో."

"నీకు చెప్తున్న గద, అక్క రాయలే."

"నాకెర్కనే. లేషి నిలవడు. అందరికి చెప్పు."

ఆయన ఇటూ అటూ చూశాడు. చెయ్యి ఇంకా తడిగానే ఉంది, రుమాలుతో తుడుచుకున్నాడు. లేచి నిలబడ్డాడు. "గప్పుడు బోడుప్పల్ పిలగాడు తెచ్చిన కార్డు అక్క రాయలే. నేనే వేరేకాడ రాయించిన" అన్నాడు. గొంతు తగ్గించలేదు, తడబడలేదు. ఛాయ్ చెప్పినంత తేలిగ్గా అన్నాడు.

బంతి సాగుతూనే ఉంది. పక్కింటామె ఇంకొంచెం కూర షేర్వ పొయ్యమని గరిటె పట్టుకున్న అతన్ని పిలుస్తోంది. ఆ రోజు కిటికీ దగ్గర నవ్విన వాళ్లలో సగం మంది ఆ టెంటు కిందే ఉన్నారు. ఒక్కరూ తల ఎత్తలేదు. వాళ్లకు కోపం లేదు, సిగ్గు లేదు. ఏ కార్డో, ఏ రోజో గుర్తే లేదు. మా వదిన గుండెల మీద పెట్టుకుని పోయిన మాట, వాళ్లు అనేసి ఇంటికి పోయి అన్నం తిని మరిచిపోయిన మాట.

అన్న లోపలికి పోయి డిస్కు తెచ్చాడు. పాలిథిన్ కవర్‌లో చుట్టి, ముడి వేసి, చేతికిచ్చాడు. నేను ఆపబోతే కళ్లతోనే వద్దన్నాడు. దుకాణం ఆయన దాన్ని చొక్కా లోపల పెట్టుకుని గుండీలు వేసుకున్నాడు. తుంపరలో బండి తీసి, ఒక చేత్తో నడుపుతూ, ఇంకో చేత్తో పొట్ట దగ్గర డిస్కును అదిమిపట్టుకుని గల్లీ మలుపు తిరిగాడు.

అప్పటిదాకా మంచం మీద కూర్చుని చూస్తున్న మా మేనత్త అన్న మోచెయ్యి పట్టుకుని లాగింది. ఆమెకు చెవులు సరిగా వినబడవు.

"గాయన లేషి ఏమన్నడు బిడ్డా? కార్డంటున్నడు. ఏం కార్డు? రేషన్ కార్డా?"

"అవునత్తా" అన్నాడు అన్న. "గసొంటిదే."

"ఎక్కిచ్చిన్రా మరి పేరు?"

అన్న ఆమె కాళ్ల మీద దుప్పటి సర్దాడు. "ఎక్కిచ్చిన్రు" అన్నాడు.

సాయంత్రం విస్తళ్లు ఎత్తించాను. టెంటువాళ్లు కుర్చీలు తీసుకుపోయారు. కిరాయి గిన్నెలు కడిగించి, వాపసు ఇచ్చి రావడానికి ఆటో పిలిచి పంపించాను. ఇవాళ్టి లెక్క ఇంతే.