మూడు మూలల టోపీ

మంచిర్యాల స్టేషన్ రోడ్డులో సిద్దిరాములు ఏళ్ల తరబడి ప్యాంట్లు, షర్టులు కుట్టాడు. ఇప్పుడు జనం కొనుక్కొచ్చిన ప్యాంట్ల కాళ్లు కురచ చేస్తున్నాడు. కుట్టాలని ఉండీ ఎవరూ కుట్టమనని బట్టలు మాత్రం అతని ఇంట్లో అల్మారా మీద ఉన్నాయి. అవి మూడు పింగాణీ జగ్గుల మీదివి, ఒక్కో జగ్గు ఒక్కో పాతకాలపు తెల్లదొర తల. ఒకడికి గొట్టంలాంటి నల్లటోపీ, నిలువు కాలరు. ఒకడికి మెడచుట్టూ విసనకర్రలా మడతలు పెట్టిన గుడ్డ. మూడోవాడికి మూడు మూలల టోపీ, గొంతు కింద లేసు. వెనక వేలాడే జడే పిడి.

పాత సామాన్ల దుకాణంలో దొరికిన ఈ మూడోవాణ్ని సిద్దిరాములు పెండ్లికొడుకు అంటాడు. ఓసారి అస్తరు గుడ్డతో అలాంటి లేసే కుట్టి, అద్దం ముందు కట్టుకుని, ఎవరూ చూడకముందే విప్పేశాడు.

ఒక మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి పెండ్లికొడుకు లేడు.

"వనజకు పచ్చిపులుసు పంపిన," అంది భార్య శంకరవ్వ. "గిన్నెలన్ని అంట్లల్ల ఉండె."

"గాయిన నెత్తిల పులుసు పోసినవా?"

"నెత్తి ఖాళీగనే ఉండెగద."

వనజ పక్కింటి కోడలు. మర్నాడూ జగ్గు రాలేదు. గోడ మీదుగా చూస్తే ఆమె వంటింటి కిటికీ అంచున ఉంది. పక్కనే పిల్లి. అది తోక ఊపినప్పుడల్లా సిద్దిరాములు గోడ మీదికి ఇంకాస్త వంగాడు.

"పోయి తెచ్చుకుంట."

"ఒట్టిది ఎట్లిస్తదయ్యా? ఇంట్ల ఏదన్న చేసినంక అండ్ల పెట్టి పంపుతది. అడిగితే పిల్ల చిన్నబోతది."

నిజమే. ఆ వాడలో పొరుగింటి గిన్నె ఖాళీగా గడప దాటదు. సిద్దిరాములు పెరట్లో మునక్కాయలు కోసి తీసుకెళ్లి వనజ చేతిలో పెట్టాడు.

"గిన్ని ఎందుకు కాకా?"

"కాసినయి బిడ్డా, వండుకోండ్రి. ఎవలకన్న పంపాలనుకుంటే పంపు," అంటూ కిటికీ వైపు చూశాడు.

వనజ కూడా అటే చూసింది. నవ్వాపుకుంటూ లోపలికి పోయి జగ్గు తుడిచి, సగం కాయలు అందులో నిలబెట్టి తెచ్చింది.

"గిదో, పంపుతున్న. ఖాళీగ ఇయ్యలేదని చిన్నమ్మకు చెప్పు."

అతను రెండు చేతులా పట్టుకుని నడిచాడు. ముక్కు బాగుంది. లేసూ బాగుంది. టోపీలోంచి మునక్కాయలు ఈకల్లా లేచి ఊగుతున్నాయి. ఆ టోపీకి ఏదో తక్కువైందని ఇన్నాళ్లూ అనుకునేవాడు. ఇంటికొచ్చి అలాగే అల్మారా మీద పెట్టాడు.

"ఇటియ్యి, పప్పుల వేస్త," అంది శంకరవ్వ.

"రేపెయ్యి," అన్నాడు సిద్దిరాములు. "ఇయ్యాల పెండ్లికొడుకు తయారైండు."